రాజునకు పైవాడెవ్వడు?

(ప్రాచీన నాగరికతలలో పురాణము, ధర్మశాసనము, ప్రభుత్వము అను విషయమును గురించిన ప్రసంగ పాఠము)

రాజు లేని దేశమున పెద్దచేప చిన్నచేపను మ్రింగునని మన పూర్వులు చెప్పిరి. దానికి మత్స్యన్యాయమని పేరు పెట్టిరి. ఆ భయము చేతనే మానవుడు రాజును కోరుకొనెను. కాని రాజును కోరుకొన్న మరుక్షణముననే అతనికి రెండవ భయము పుట్టినది. చిన్నచేపలను కాపాడుటకై నిలిపిన కాపరి తానే పెద్దచేపయైనచో వానిని పట్టువారెవ్వరు? సేన అతనిది, బొక్కసము అతనిది, చెరసాల అతనిది. అతనిని నిలదీయుటకు అతనికి పైన మనుష్యుడెవ్వడును లేడు.

ఈ చిక్కు ప్రశ్నకు ప్రాచీన నాగరికతలు చెప్పిన సమాధానము శాస్త్రగ్రంథములలో కంటె ముందుగా పురాణగాథలలో కనిపించును. మనుష్యుడెవ్వడును లేని ఆ చోట వారు దేవతను నిలిపిరి. రాజులు తమ పెత్తనమును బలపరచుకొనుటకే దేవతల పేరు వాడుకొనిరని పలువురు చరిత్రకారులు వ్రాసిరి. అందు సత్యము లేకపోలేదు. అయినను అది సగము సత్యము మాత్రమే. అధికారము దేవుడిచ్చినదైనచో దానికి లెక్క కూడ ఆ దేవునకే అప్పజెప్పవలసి యుండును. రాజును సింహాసనముపై కూర్చుండబెట్టిన గాథయే రాజు చేతులకు త్రాడు కూడ కట్టినది. ఈ రెండవ సగమును విచారించుటయే నేటి ప్రసంగమునకు ఉద్దేశము.

మొదట టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడిమి దేశమునకు పోవుదము. క్రీ. పూ. 2350 ప్రాంతమున సుమేరు దేశమందలి లగష్ నగరమును ఉరుకగిన అను రాజు పాలించెను. అతడు మట్టి శంకువులపై చెక్కించిన లేఖనములు దొరకినవి. వానిలో ప్రముఖముగ కనిపించునది పరాక్రమ వర్ణన కాదు, ఉద్యోగుల అక్రమముల పట్టిక. దేవుని ఎద్దులు పాలకుని ఉల్లితోటలను దున్నుచుండెను. శవమును పాతిపెట్టుటకు వచ్చిన అధికారి రొట్టెలును, యవలతో చేసిన మద్యపు కూజాలును విపరీతముగ గుంజుకొనుచుండెను. పడవల పైనను, గొఱ్ఱెల మందల పైనను, చేపల రేవుల పైనను వసూలుదారులుండిరి. ఉరుకగిన వీరిని తొలగించి, రుసుములను తగ్గించి, అనాథను గాని విధవను గాని బలవంతునికి అప్పగింపనని నగరదేవతయైన నిన్‌గిర్సుతో ఒడంబడిక చేసికొంటినని వ్రాయించెను. ఆ ఒడంబడిక ప్రజలతో కాదు, దేవునితో. ఐనను దాని ఫలము ప్రజలకే చెందినది.

తరువాత సుమారు రెండున్నర శతాబ్దములకు ఉర్ నగరమున ఊర్‌నమ్ము వంశము నాటి ధర్మశాసనము వెలువడెను. నిప్పురులో దొరకి ఇస్తాంబులు వస్తుప్రదర్శనశాలలో పడియున్న దాని పలకను సామ్యూల్ నోవా క్రేమర్ అను పండితుడు 1952లో చదివి ప్రకటించెను. అవయవములకు గాయము చేసినవాడు వెండి తూచి ఇచ్చుకొనవలెనని దానిలో నున్నది. కంటికి కన్ను అను నియమము మానవుని తొలి న్యాయమని పలువురు తలచుచుందురు. కాని మనకు దొరకిన శాసనములలో వెండితో పరిహారము చెప్పినదే పాతది.

ఇక లోకప్రసిద్ధమైన హమ్మురాబి శిలాస్తంభమును చూతము. క్రీ. పూ. 18వ శతాబ్దమున బాబిలోనును పాలించిన ఈ రాజు సుమారు 282 సూత్రములను నల్లరాతిపై చెక్కించెను. ఏడడుగులకు పైబడిన ఆ శిల 1901–02 సంవత్సరములలో జాక్ ద మోర్గాన్ నాయకత్వమున ఫ్రెంచివారు జరిపిన త్రవ్వకములలో బయటపడినది. అది దొరకినది బాబిలోనులో కాదు, ఇరాను దేశమందలి సూసాలో. క్రీ. పూ. 12వ శతాబ్దమున ఏలాము రాజు దానిని కొల్లగొట్టి తీసికొనిపోయెను. నేడది పారిసు నగరమున లూవ్రు ప్రదర్శనశాలలో నున్నది. దాని శిరోభాగమున సూర్యదేవుడైన షమష్ సింహాసనముపై కూర్చుండి యుండును. ఆయన యెదుట హమ్మురాబి చేయి నోటివద్ద నుంచుకొని వినయముగ నిలిచియుండును. సూర్యుడు సర్వమును చూచువాడు గనుక ఆ దేశమున న్యాయమునకు అధిదేవత అతడే. తన రాజ్యమంతటికి న్యాయము చెప్పు ఆ శిలపై రాజు తాను కూర్చుండలేదు. న్యాయాధిపతి యెదుట కక్షిదారు నిలిచినట్లు నిలిచియున్నాడు.

శాసన పీఠికలో బలవంతుడు బలహీనుని పీడింపకుండునట్లు చూచుటకై దేవతలు తనను పేరుపెట్టి పిలిచిరని హమ్మురాబి చెప్పుకొనెను. ఆ మాట ఉత్త ఆడంబరమో కాదో తెలిసికొనుటకు సూత్రములను చూడవలెను. న్యాయాధిపతి తీర్పు చెప్పి, పత్రముపై ముద్ర వేయించిన పిమ్మట దానిని మార్చినట్లు రుజువైనచో, ఆ వ్యాజ్యపు మొత్తమునకు 12 రెట్లు చెల్లించవలెను. నిండుసభలో అతనిని పీఠమునుండి దింపివేయుదురు. మరల అతడు న్యాయాధిపతుల సరసన కూర్చుండరాదు. దారిదోపిడి జరిగి దొంగ పట్టుబడనిచో, నష్టపడినవాడు ఎంత పోయినదో దేవుని యెదుట చెప్పుకొనును. అది ఎవరి పొలిమేరలో జరిగెనో ఆ నగరమును, దాని అధిపతియు ఆ నష్టమును తీర్చవలెను. కాపాడలేని ప్రభుత్వము పరిహారమియ్యవలెనను భావము ఇందు స్పష్టముగ నున్నది. తుపాను దేవత పైరును ముంచివేసినను, వానలు లేక పంట పండకపోయినను, అప్పుపడిన రైతు ఆ యేడు ధాన్యము చెల్లించనక్కరలేదు, వడ్డీయు ఇయ్యనక్కరలేదు. తన కాలువ గట్టును ఏమరుపాటున తెగనిచ్చి పొరుగు చేలను ముంచినవాడు పోయిన ధాన్యమును భర్తీ చేయవలెను. నీటిపారుదల తగవులు ఎరిగిన కృష్ణా గోదావరి మండలముల వారికి ఈ సూత్రము కొత్తదిగా తోచదు.

శాసనము చివర మరియొక విశేషము కలదు. అన్యాయమునకు గురియైన వాడెవ్వడైనను ఈ శిల యొద్దకు వచ్చి, దీనిపై వ్రాసినదానిని చదివించుకొని, తన వ్యాజ్యమునకు తగిన ధర్మమును గ్రహించి, మనస్సు కుదుటబరచుకొనవలెనని రాజు కోరెను. చదువు కొందరికే చెందిన ఆ దినములలో సామాన్యుడు చదువలేడని అతడెరుగును. కావుననే చదివించుకొని వినుమనెను. ఈ సూత్రములను ఉదాహరించి చెప్పిన తీర్పులు నాటి వ్యాజ్య పత్రములలో కానరావనియు, ఇది ఆచరణలో నున్న చట్టము కంటె ఆదర్శ ప్రకటనమే కావచ్చుననియు కొందరు పండితుల అభిప్రాయము. అట్లే అయినను, రాజును కొలుచుటకు రాజు తానే గజకట్టను బహిరంగముగ నాటించినాడు గదా! తన మాటలను చెరిపివేయు భావిరాజులను దేవతలందరి పేరిట అతడు దీర్ఘముగ శపించెను. ఏలాము రాజు ఆ శిలపై కొన్ని వరుసలను గీకించివేసెను గాని, ఆ చోట తన పేరు చెక్కింపనే లేదు. ఆ ఖాళీ నేటికిని అట్లే యున్నది.

బాబిలోను నగరమున సంవత్సరాది ఉత్సవములలో జరుగు తంతు ఇంతకంటె ఆశ్చర్యకరమైనది. దానిని వర్ణించు పలకలు గ్రీకు రాజులు ఆ దేశమును ఏలిన నాటివి. రాజు మర్దుక్ దేవుని ఆలయమున ప్రవేశింపగనే ప్రధానార్చకుడు అతని రాజదండమును, కిరీటమును తీసికొని దేవుని సన్నిధిని పెట్టును. రాజు చెంపపై కొట్టి, చెవులు పట్టి లోనికి ఈడ్చి, మోకరిల్ల జేయును. అప్పుడు రాజు తాను దేవుని మరువలేదనియు, నగరమును నాశనము చేయలేదనియు, తన రక్షణలోని పౌరుల చెంపపై కొట్టి అవమానింపలేదనియు చెప్పుకొనవలెను. ఆ పిమ్మట చిహ్నములను తిరిగి ఇచ్చి అర్చకుడు మరల కొట్టును. కన్నీరు వచ్చినచో దేవుడు ప్రసన్నుడైనట్లు లెక్క. సంవత్సరమునకు ఒక్క దినమైనను రాజు చెంపదెబ్బ రుచి ఎరుగవలెనని ఆ నగరవాసులు ఏర్పరచుకొనిరి.

ఈజిప్టు దేశమున ఫారో రాజును సాక్షాత్తు దేవతగనే భావించిరి. దేవుడైన రాజునకు పైవాడెవ్వడు? ఆ దేశపు సమాధానము పేరు మాత్. ఆమె సత్యమునకును, ధర్మమునకును, లోకమునందలి క్రమమునకును అధిదేవత. ఉష్ట్రపక్షి ఈక ఆమె చిహ్నము. ప్రాణము పోయిన వెనుక మనుష్యుని హృదయమును త్రాసులో ఒకవైపున, ఆ ఈకను రెండవవైపున ఉంచి తూతురు. తోత్ దేవత లేఖకుడై ఫలితమును వ్రాసికొనును. హృదయము పాపభారమున దిగినచో దానిని మ్రింగుటకు మొసలి తల గల జంతువు ప్రక్కనే కాచుకొని యుండును. ఫారో కూడ మాత్‌ను పోషించుటకే రాజైనవాడు. ఆలయ చిత్రములలో అతడు దేవతలకు ఆమె ప్రతిమను అరచేత పెట్టి అర్పించుచుండును. హమ్మురాబి శిలవంటి సమగ్ర ధర్మశాసనము ఫారోల మహాయుగము నుండి మనకు లభింపలేదు. కాని ఉద్యోగధర్మమును గురించి ఆ దేశము వదలిపోయిన మాటలు మరి ఏ ప్రాచీన దేశమునకును తీసిపోవు.

క్రీ. పూ. 15వ శతాబ్దమున మూడవ తుత్‌మోస్ అను ఫారోకు రెఖ్మిరె అనునతడు మహామంత్రిగ నుండెను. లక్సరు నగరమునకు ఎదురుగ నైలునది పడమటి గట్టున కొండలో తొలచిన అతని సమాధి గోడలపై, పదవినిచ్చు దినమున రాజు చేసిన బోధ వ్రాయబడి యున్నది. దాని సారాంశమిది. మహామంత్రి పదవి తీపి కాదు, చేదు. తెలిసినవానిని తెలియనివానివలె, దగ్గరివానిని దూరపువానివలె చూడవలెను. అర్జీదారు మాట వినకుండ అతనిని దాటిపోరాదు. కోరినది ఇయ్యవీలులేనిచో ఏల వీలులేదో కారణము చెప్పి పంపవలెను. తన పని నెరవేరుట కంటెను తన మాటను చెవిని పెట్టుటనే అర్జీదారు ఎక్కువగ కోరునని కూడ ఆ బోధలో నున్నది. మూడువేల నాలుగువందల యేండ్ల నాటి ఈ మాటను ఈనాటి ఏ కచేరీ గోడపై వ్రాసినను చెల్లును.

ఆ బోధలోనే ఖేతీ అను పూర్వపు మహామంత్రి కథ కలదు. బంధుపక్షపాతి యని లోకులందురను భయముచేత అతడు తన బంధువుల వ్యాజ్యములలో వారికి విరుద్ధముగనే తీర్పు చెప్పుచుండెను. తీర్పు తప్పని మొరపెట్టుకొన్నను మార్చలేదు. దీనిని రాజు మెచ్చుకొనలేదు. అది న్యాయమును మీరిపోయిన పని యని నిందించెను. పేరు కోసము తనవారికి అన్యాయము చేయుట కూడ పక్షపాతమే. ఈ సూక్ష్మమును గుర్తించిన ప్రభుత్వము సామాన్యమైనది కాదు.

ఈజిప్టు సాహిత్యమున వాక్చాతుర్యము గల పల్లెవాని కథ ఈ ధర్మమును మరియొక వైపునుండి చూపును. ఖున్‌అనుప్ అను పేదవాడు ఉప్పు పొలముల సీమనుండి గాడిదలపై సరకు వేసికొని ధాన్యమునకై బయలుదేరెను. దారి ఇరుకైన చోట నెమ్తీనఖ్త్ అను ఉద్యోగి ఒక బట్టను పరచెను. దాని యొక కొస నీటిపైన, రెండవ కొస యవల చేనిపైన పడినది. బట్ట త్రొక్కరాదనెను, చేను త్రొక్కరాదనెను. ఇంతలో ఒక గాడిద గుప్పెడు యవలు కొరికినది. ఆ నెపమున గాడిదలను లాగుకొని, పల్లెవానిని కొట్టి పంపెను. అతడు రెన్సీ అను ప్రధానాధికారికి మొర పెట్టుకొనెను. అతని మాటనేర్పునకు అబ్బురపడి రెన్సీ సంగతి రాజునకు విన్నవింపగా, సమాధానమియ్యక జాగుచేయుమనియు, అతడు పలికినదెల్ల వ్రాయించి పంపుమనియు, వానికిని వాని భార్యాబిడ్డలకును తెలియకుండ తిండి పెట్టించుమనియు రాజు సెలవిచ్చెను. పల్లెవాడు 9 సార్లు విన్నవించుకొనెను. మధ్యలో కొరడా దెబ్బలు కూడ తినెను. మాత్‌ను తూచు త్రాసు వంటివాడవు నీవే వంగిపోయినచో లోకమేమగునని నిలదీసెను. కడపటి మొరలో, నీవు వినకున్న నిన్ను గూర్చి అనూబిస్ దేవునితో చెప్పుకొందునని లేచిపోయెను. అప్పుడు అతనిని పిలిపించి, వ్రాయించిన మొరలను వినిపించి, నెమ్తీనఖ్త్ ఆస్తినే అతనికి ఇప్పించిరి.

కథ సుఖాంతమే. కాని ఒక ముల్లు మిగులును. చక్కగ మాటలాడినందువలన అతనికి న్యాయము ఆలస్యమైనది. చక్కగ మాటలాడలేని వానికి న్యాయము దొరకునా? అతని ఇంటివారికి రహస్యముగ తిండి పంపిన రాజు, ఆ తొమ్మిది మొరల మధ్యకాలమున అతని గుండెలోని బాధను ఎరుగునా? జాగుచేయుట కూడ ఒక అన్యాయమేనని, పైకి చెప్పకయే ఆ కథకుడు వినిపించినాడు.

గ్రీసు దేశపు ఏథెన్సు నగరమున ఈ ప్రశ్న మరియొక మలుపు తిరిగినది. క్రీ. పూ. 458లో ఈస్కిలస్ ప్రదర్శింపజేసిన నాటకత్రయములో తల్లిని చంపిన ఒరెస్టీజును పగదేవతలు వెంటాడుదురు. చంపుమని ప్రేరేపించినది అపొలో దేవుడు. ఇద్దరును దేవతలే. తీర్పు ఎవరు చెప్పవలెను? ఎథీనా దేవత ఆ తీర్పును తాను ఒక్కతెయే చెప్పక నగర పౌరులను పిలిచి న్యాయసభ నేర్పరచును. ఓట్లు సమానమగుటచే నిందితుడు విడుదల పొందును. పగదేవతలకు నగరమున గౌరవస్థానము లభించును. ఇచ్చట దేవత తన దండమును మనుష్యుల చేతికి అందించినది. ఆ నగరముననే ప్రతి అధికారియు పదవీకాలము ముగియగనే తన లెక్కలను పౌరుల యెదుట ఒప్పగింపవలెనను నియమముండెను. దేవునకు చెప్పవలసిన లెక్క ప్రజలకు చెప్పవలసిన లెక్కగ మారినది.

ఇక మన దేశము. వేదర్షులు లోకమును నడపు క్రమమును ఋతమనిరి. దానికి కాపరి వరుణుడు. ఇద్దరు రహస్యముగ మాటలాడుకొన్నను మూడవవాడై వరుణుడు వినుచుండునని అథర్వవేదము చెప్పును. బృహదారణ్యకోపనిషత్తు ధర్మమును రాజశక్తికి పైనున్న రాజశక్తిగ వర్ణించినది. ధర్మము తోడున్నచో బలహీనుడు సైతము బలవంతుని అదుపు చేయగలనని ఆశపడునట! ఈ ఆశకు కథారూపమే వేనుని చరిత్ర. రాగద్వేషములకు లోబడి ప్రజలకు ధర్మము తప్పిన వేనుని ఋషులు మంత్రించిన దర్భలతో వధించిరి. అతని కుడిచేతిని మథింపగా పృథువు పుట్టెను. అతని చేత, దండనీతి చెప్పినట్లు నడచుకొందుననియు, స్వేచ్ఛగ ప్రవర్తింపననియు ముందుగ ప్రతిజ్ఞ చేయించిరి. శాంతిపర్వమందలి ఈ కథను తిక్కన సోమయాజి భారతము ద్వారా తెలుగువారెరుగుదురు. కిరీటము కంటె ముందు ప్రతిజ్ఞ అనునదే దాని సారము.

ధర్మశాస్త్రములు ఈ భావమును లెక్కలలోనికి దింపినవి. సామాన్యునకు ఒక కార్షాపణము జరిమానా పడు నేరమునకు రాజునకు వేయి పడవలెనని మనుస్మృతి చెప్పినది. నిరపరాధిని దండించిన రాజు ఆ దండమునకు 30 రెట్లు నీటిలో వరుణునకు అర్పించి, పిమ్మట బ్రాహ్మణులకు ఈయవలెనని కౌటిల్యుడు విధించెను. 1905లో ఆర్. శామశాస్త్రి మైసూరున కనుగొని 1909లో ప్రకటించిన అర్థశాస్త్రమున ఇది యున్నది. జరిమానా వసూలు చేయు రాజు తన జరిమానాను ఎవరికి కట్టవలెను? తన బొక్కసమునకే కట్టినచో అది శిక్షయగునా? కావున రాజులను దండించు వరుణుని పేర నీటిలో విడువుమనిరి. పనిపై వచ్చినవారిని ద్వారమునొద్ద నిలిపియుంచరాదనియు, ప్రజలకు దర్శనమియ్యని రాజు చేత ప్రక్కనున్నవారు కార్యాకార్యములను తారుమారు చేయింతురనియు చెప్పినవాడును కౌటిల్యుడే.

రెండవ వైపును కూడ దాచరాదు. రాజసూయయాగమున అధ్వర్యువు మొదలగువారు రాజును కఱ్ఱలతో మెల్లగ కొట్టుదురని శతపథ బ్రాహ్మణము చెప్పును. బాబిలోను చెంపదెబ్బవలె తోచును గాని దీని అర్థము వేరు. దీనివలన రాజు దండనకు అతీతుడగునని ఆ గ్రంథము చెప్పినది. ఒకే తంతు ఒకచోట రాజును వంచినది, మరియొకచోట విడిపించినది. దేవుని పేర వ్రాసిన ధర్మము బలహీనులలో కూడ తరగతులు కల్పించినది. స్వతంత్రుని కన్ను పొడిచినచో కన్నే పొడువుమన్న హమ్మురాబి, సామాన్యుని కంటికి వెండి, బానిస కంటికి సగము వెల చాలుననెను. అతని శాసనమందలి చిట్టచివరి సూత్రము, యజమానిని కాదన్న బానిస చెవి కోయుమనును. మనుస్మృతి వర్ణమును బట్టి శిక్షను మార్చినది. దేవుడు చెప్పినదన్న అన్యాయమును దిద్దుట మనుష్యుడు చెప్పినదానిని దిద్దుటకంటె కష్టము. పురాణము రాజునకు వేసిన త్రాడే బానిసకు సంకెల కూడ అయినది.

తెలుగునాట శాసనములు చదువు అలవాటు కలవారికి హమ్మురాబి శాపములు క్రొత్తగ తోచవు. దానమును హరించినవాడు అరువదివేల యేండ్లు క్రిమియై పుట్టునను హెచ్చరిక మన దాన శాసనముల చివర తరచుగ కనిపించునదే. రాతిపై చెక్కించి పాలకుడు తన చేతులను తానే కట్టుకొనుటకు చక్కని ఉదాహరణము 1244 నాటి మోటుపల్లి అభయశాసనము. తుపానుచే ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు బలవంతముగ తీసికొనుచుండిరనియు, తాము నియమిత శుల్కము తప్ప మిగిలినదంతయు వర్తకులకు విడిచితిమనియు కాకతీయ గణపతిదేవుడు ప్రకటించెను. సముద్రము మీద సర్వమును పణముపెట్టి వచ్చువారికి రాజు మాటకంటె రాతిపైనున్న మాట ఎక్కువ ధైర్యమునిచ్చును.

ఇన్ని దేశములను చుట్టివచ్చిన పిమ్మట 1949వ సంవత్సరపు ఢిల్లీ నగరమునకు చేరుదము. ఆ యేడు అక్టోబరు 17న రాజ్యాంగసభలో పీఠికను గూర్చి చర్చ జరుగగా, ఈశ్వరుని పేరిట అను మాటలతో దానిని ఆరంభింపవలెనని హెచ్. వి. కామత్ సవరణ తెచ్చెను. అనుకూలముగ 41, ప్రతికూలముగ 68 ఓట్లు వచ్చి అది వీగిపోయెను. భక్తులు లేని సభ కాదది. ఐనను రాజ్యాంగమును ప్రజలే తమకు తాము ఇచ్చుకొనుచున్నారను మాటయే నిలిచినది. షమష్, మాత్, వరుణుడు నిలిచిన చోటు ఖాళీ కాలేదు. అచ్చట ఒక గ్రంథము నిలిచినది. దాని 14వ అధికరణము కంటికిని కంటికిని భేదము లేదన్నది. 32, 226 అధికరణములు ప్రభుత్వము పైననే మొరపెట్టుకొను ద్వారములను తెరచినవి. అన్నిటికి మించి, ఈ గ్రంథమును తప్పు కనిపించినచో దిద్దుకొనవచ్చును. ఏ ప్రాచీన శిలకును లేని గుణమిది.

అయితే శాపము లేని శాసనము కాగితమువలె తేలికగ చిరుగును. ప్రాచీనుడు దేవునికి భయపడి చేసిన పనిని నేటి అధికారి అంతఃకరణముచే చేయవలసి యున్నది. మంత్రులును న్యాయమూర్తులును చేయు ప్రమాణమునందు భయపక్షపాతములకును, రాగద్వేషములకును లోనుగాక వర్తింతుమను వాగ్దానము కలదు. దానిని దైవము పేర చేయవచ్చును, ఆత్మసాక్షిగ చేయవచ్చును. రెఖ్మిరె విన్న బోధకు అది తోబుట్టువు. 2005 నాటి సమాచార హక్కు చట్టము, నిర్ణయమువలన బాధింపబడు వారికి దానికి గల కారణములను తెలుపవలెనన్నది. కారణము చెప్పి పంపుమన్న ఫారో మాట మూడువేల యేండ్లు నడచి మన దస్త్రములలో ప్రవేశించినది.

ఉప్పు పొలముల పల్లెవాడు ఇప్పటికిని అర్జీ పట్టుకొని వచ్చుచునే యున్నాడు. అతనికి వాక్చాతుర్యము లేకపోవచ్చును, తొమ్మిది మారులు తిరుగుటకు ఓపికయు, దారిబత్తెమును లేకపోవచ్చును. అతని కాగితము ఏ బల్లపైకి వచ్చునో ఆ బల్లయే మాత్ త్రాసు. రాజునకు పైవాడెవ్వడను ప్రశ్నకు ప్రాచీనులు ఆకాశమువైపు చూపిరి. ఈ గణరాజ్యమున ఆ ప్రశ్నకు సమాధానము అర్జీ పట్టుకొని గుమ్మము నొద్ద నిలుచుండి యున్నది. అతనిని లోనికి పిలిచి, కూర్చుండబెట్టి, చెప్పినది వినుటతో పరిపాలన ఆరంభమగును.